గాజు సీసాలు వద్దు

వూచ్ నగరం చివర కబేళా. జనవరి. తెల్లవారని నాలుగు గంటలు.
మంచుగడ్డలు నింపిన ప్లాస్టిక్ బకెట్‌తో
బోగుమీవా ట్రామ్ దిగి నడిచొస్తుంది.
వెనకాల నేను, ఇంకో బకెట్, కొత్తగా చేరిన వాణ్ణి.

పన్నెండు ఆవుల మెదళ్ళు, ఇంకా ఆవిరి పోలేదు.
జెనోన్ లెక్కపెట్టి వేస్తాడు,
వంకాయలు తూచినవాడిలా పైన ఒకటి కొసరు.
"వండుకునేవాళ్ళని చూశాను గానీ అమ్మా,
నూరి, వడకట్టి, చివరికి నీళ్ళు దాచుకునేవాళ్ళని చూళ్ళేదు."
"నీళ్ళు కాదు, అందులో ఒక చెయ్యి ఉంటుంది" అంటుంది ఆమె.
జెనోన్ నవ్వుతాడు. తలుపు మూస్తాడు.

ప్రయోగశాల తలుపు మీద ఆమె రాత:
గాజు సీసాలు వద్దు.
నేను తెలియక ఒకసారి బీకరు పట్టుకొచ్చాను.
తిట్టలేదు. సింకులో పారబోసింది, వారం రోజుల పని.
గాజు చెమరుస్తుందట, రవ్వంత కాల్షియం.
మనకి అది ఏమీ కాదు.
దానికి అది పిలుపు.

కణం లోపల కాల్షియం దాదాపు లేనట్టే.
గోడకి అవతల పదివేల రెట్లు.
బయట సంత, లోపల పరీక్ష జరుగుతున్న హాలు.
ఒక్క కిటికీ రెప్పపాటు తెరుచుకుంటే చాలు,
ఆ కాస్త గోలకే తలెత్తుతుంది ఈ ప్రోటీన్.
నూట నలభై ఎనిమిది పూసల దండ,
ఈ చివర రెండు గుప్పిళ్ళు, ఆ చివర రెండు,
మధ్యన సన్నని కాడ.

గుప్పిట్లో కాల్షియం వచ్చి కూర్చుంటుంది.
ఏడు ఆక్సిజన్లు చుట్టూ చేరి పట్టుకుంటాయి,
చలిమంట దగ్గర జనంలా.
అప్పుడు ఒళ్ళు విప్పుతుంది,
ఇంతసేపూ మడతల్లో దాచుకున్న జిడ్డు పైకి తేలుతుంది.
జిడ్డు జిడ్డుని వెతుక్కుంటుంది.
ఊరకే పడున్న ఒక ఎంజైము తోక దొరుకుతుంది,
కాడ వంచి, రెండు చివరలతోనూ
వాటేసుకుంటుంది.
అది చెప్పే కబురు అంతే. ఆ కౌగిలికే
ఎంజైముకి మెలకువ వస్తుంది.

నూరిన మెదడు వడగట్టి, తొంభై డిగ్రీల్లో కాచాం.
మిగతా ప్రోటీన్లన్నీ విరిగిన పాలయ్యాయి.
ఇది మాత్రం తేటలో మిగిలింది, మొండిది.
నాలుగు డిగ్రీల గదిలో కోటు మీద కోటు తొడుక్కుని
గొట్టంలో పోశాం. కాల్షియం ఉన్నంతసేపూ
జిడ్డు పూసల్ని కరుచుకుని ఉంది.
తర్వాత ఈజీటీఏ పోసింది ఆమె.
అది అప్పులవాడిలా వచ్చి
నాలుగు గుప్పిళ్ళూ ఖాళీ చేసింది.
ఏడో ట్యూబులోకి రాలింది,
చుక్క, చుక్క.
వెలుగుకెత్తి చూశాను.
జెనోన్ చెప్పింది నిజమే. నీళ్ళే.

మళ్ళీ మంగళవారం.
"ఏదమ్మా మీ చెయ్యి?" అన్నాడు.
ఆమె ఉన్ని గ్లవ్ తీసి చూపించింది:
చూపుడువేలు చాపి, "ఇదొక మెలిక",
బొటనవేలు నిలబెట్టి, "ఇదింకొకటి",
నడిమివేలు మడిచి, "ఈ ఒంపులో కూర్చుంటుంది కాల్షియం."

జెనోన్ తన గ్లవ్ ఊడదీశాడు.
ఎముకలు కోసే రంపం, ఎప్పటిదో.
చూపుడువేలూ బొటనవేలే ఉన్నాయి.
"మరి నా దాంట్లో ఎక్కడ కూర్చుంటుందో?"

దేనికైనా జవాబు ఉండే మనిషి,
బకెట్ కేసి చూసింది.
అతనే ఆ రెండు వేళ్ళ మధ్య సిగరెట్ ఇరికించి
అగ్గిపుల్ల గీశాడు.

కాసేపటికి, వెళ్ళబోతూ, ఆమె అంది:
"ఈ ఆవు దాంట్లో ఉన్నదీ నీలో ఉన్నదీ ఒకటే జెనోన్.
నూట నలభై ఎనిమిదిలో ఒక్క పొల్లు తేడా లేదు."

పొగ వదలడం మర్చిపోయాడు.
గొలుసులకి వేలాడేవాటి వైపు తిరిగాడు,
తన ఛాతీ వైపు ఓసారి.

పన్నెండు లెక్కపెట్టి వేశాడు.
ఆ రోజు కొసరు లేదు.
ఆమె అడగలేదు.